తెర వెనక్కి వెళ్ళే దారి

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో ఇంటర్ పాసైన కుర్రాడు పోలీసు సెలక్షన్లకు వెళ్తానంటే ఏం చెయ్యాలో ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దున్నే ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ కోచింగ్ బాగుంటుందో, ఏ సర్టిఫికెట్ ఏ ఆఫీసులో తీసుకోవాలో చెప్పేవాళ్ళు పదిమంది దొరుకుతారు. సైన్యానికైనా, డీఎస్సీకైనా అంతే. అదే కుర్రాడో అతని చెల్లెలో వచ్చి "బొమ్మలాట నేర్చుకుంటాను, దాంతోనే బతుకుతాను" అంటే మాత్రం ఒకరు నవ్వుతారు, ఇంకొకరు జాలిపడతారు. దారి చెప్పేవాళ్ళుండరు. బొమ్మలాట వృత్తిగా నిలుస్తుందా? బొమ్మలాట ఆడే ఇళ్ళలో పుట్టని పిల్లలకు అందులో చోటుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కళ గురించి వ్యాసాలు రాసేవాళ్ళం ఈ ప్రశ్నలను దాటేసి "అంతరించిపోతున్న కళ" అని బాధపడి ఊరుకుంటున్నాం. పదిహేడేళ్ళ పిల్లకు మన బాధతో ఏం పని? ఆమెకు కావలసింది దారి.

చోటుందనే నా నమ్మకం. ఆ దారి మాత్రం చాలామంది అనుకున్నట్టు బొమ్మ చెయ్యడంతో మొదలవదు. గొంతుతో మొదలవుతుంది.

తెలుగునాట ఈ విషయం ఎత్తితే ముందు నిమ్మలకుంట గురించి చెప్పుకోవాలి. ధర్మవరం మండలంలోని ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024 జనవరి 16న ప్రధానమంత్రి లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చినప్పుడు అక్కడ జటాయువు కథను తోలుబొమ్మలాటగా ఆడి చూపించారు. ఇవన్నీ చూస్తే కళ వెలిగిపోతున్నట్టే కనిపిస్తుంది. ఊళ్ళో పని చూస్తే సంగతి వేరు. అక్కడి ఇళ్ళను నడుపుతున్నవి చాలావరకు లాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు, గదుల మధ్య పెట్టే తెరలు. తోలు అదే, ఉలి అదే, రంగులు అవే. ఆ బొమ్మ ఇప్పుడు ఆడదు, వేలాడుతుంది. హస్తకళల ప్రదర్శనలో అమ్ముడుపోతుంది. దీన్ని తప్పు పట్టడానికి మనమెవరం? ఆ అమ్మకాలే లేకపోతే ఉలి పట్టే చెయ్యి కూడా కూలికి పోయేది. కానీ వృత్తి ఎంచుకోబోయే పిల్లలు ఒకటి గమనించాలి. బొమ్మ చేసే చేతికి పని దొరికింది. బొమ్మను ఆడించి, పద్యం పాడి, తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టే నోటికి పని పోయింది. ఖాళీగా ఉన్న చోటు అదే.

ఆ పని ఏమిటో దగ్గరగా చూస్తేగాని దాని బరువు తెలియదు. మన తోలుబొమ్మలు పెద్దవి. నాలుగడుగుల నుంచి మనిషెత్తు దాకా ఉంటాయి. పెద్ద బొమ్మకు ఒక్క మేకతోలు చాలదు. తోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుక ఊడేలా గీకి, బిగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. దాని మీద గీత గీసి, ఉలితో రంధ్రాలు కొడతారు. కంటె, వడ్డాణం, చీర అంచు అన్నీ ఈ రంధ్రాలే. దీపం వెనక పెట్టినప్పుడు నగ మెరిసినట్టు కనిపించేది రంగు వల్ల కాదు, తోలు లేనిచోట దూసుకొచ్చే వెలుగు వల్ల. రంగు రెండు వైపులా వేస్తారు. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. నడుమ నిలువుగా చీల్చిన బద్ద ఒకటి వెన్నెముకలా పట్టి ఉంటుంది. చేతులను ఆడించడానికి విడి పుల్లలుంటాయి. ఆడించే మనిషి ఒక చేత్తో ఆ నడుమ బద్దను పట్టి బొమ్మను తెరకు అదిమి ఉంచాలి, రెండో చేత్తో పుల్లలు కదపాలి. అదుపు కాస్త సడలితే నీడ అలుక్కుపోతుంది. అదే సడలింపు కావాలని చేస్తే పాత్ర మాయమైనట్టు కనిపిస్తుంది. హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు బొమ్మను తెర నుంచి దీపం వైపు లాగితే ఆకారం పెద్దదై పలచబడుతుంది. సభలో ఊరికే కూర్చున్న పాత్రలను తెరకు ఈతముళ్ళతో గుచ్చి నిలబెడతారు. ఇదంతా చేస్తున్న మనిషి నోరు ఊరుకోదు. పద్యం ఎత్తాలి, మాట విరవాలి, కాలి గజ్జెలతో తాళం వెయ్యాలి, యుద్ధం వచ్చిందంటే కింద పరిచిన చెక్కలను ధనధనా తొక్కాలి. పక్కన హార్మోనియం, మద్దెల. తెరకు ఇవతల కూర్చున్నవాళ్ళు చూసేది రాముణ్ణి, రావణుణ్ణి. అవతల ఒక మనిషి చెమటలో తడిసిపోతుంటాడు.

ఆటగాళ్ళ ఇళ్ళలో ఇది చెప్పి నేర్పింది కాదు. పిల్లలు తెర వెనకే నిద్రపోయి, తెర వెనకే లేచారు. ముందు బొమ్మలు వరసగా అందించడం, తర్వాత వానరుల గుంపును పట్టుకోవడం, తర్వాత చిన్న వేషం, గొంతు ముదిరాక పెద్ద పాత్ర. ఆడవాళ్ళూ సమానంగా పాడారు, ఆడించారు. సీతకూ మండోదరికీ గొంతు వాళ్ళదే. ఇన్నేళ్ళ శిక్షణను రెండు వారాల వర్క్‌షాపులో ఇమడ్చగలమని అనుకోవడమే ఈనాటి ప్రయత్నాల్లో పెద్ద లోపమని నా అభిప్రాయం. వర్క్‌షాపు పిల్లవాడి చేత బొమ్మ కత్తిరింపిస్తుంది. ఆరు గంటలపాటు కథను మోసే గుండెను ఇవ్వలేదు.

"అది వాళ్ళ కులవృత్తి, మనకెందుకు" అనే మాట ఇక్కడ తప్పక వస్తుంది. దానికి జవాబు ఆ కుటుంబాల చరిత్రలోనే ఉంది. తెలుగునాట తోలుబొమ్మలాట ఆడిన ఇళ్ళలో చాలావాటి ఇంటి భాష మరాఠీ యాస. మరాఠాల కాలంలో దక్షిణాదికి వచ్చినవాళ్ళని పండితులు చెబుతారు. బొమ్మలాట మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే మనకుంది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే దాని ప్రస్తావన ఉంది. అంటే ఈ కుటుంబాలవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చి, ఇంట్లో ఒక భాష మాట్లాడుకుంటూ, తెర మీదికి గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని కంఠస్థం చేసి తెచ్చి, తెలుగువాళ్ళకే తెలుగు ద్విపద వినిపించారు. నేర్చుకుని సంపాదించుకున్న హక్కు అది. కోటబొమ్మాళి పిల్లలు కూడా నేర్చుకునే సంపాదించుకోవచ్చు. అయితే ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరు, వాళ్ళ వాటా మర్చిపోకూడదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒకప్పుడు ఈ ఆటకు కొనుగోలుదారు ఊరే. జాతరకు, శివరాత్రికి పిలిచేవారు. వానలు పడకపోతే విరాటపర్వం ఆడించుకునేవారు. గింజలో, డబ్బో, బట్టలో ఊరంతా కలిసి ఇచ్చేది. టూరింగ్ టాకీసు, ఆ తర్వాత టీవీ వచ్చి ఆ ఒప్పందాన్ని తుడిచేశాయి. కొత్త ఆటగాడికి ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నదే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన ప్రశ్న.

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలున్నాయి. యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఉపకార వేతనం ఇస్తారు. వయసు 18 నుంచి 25. జానపద కళల జాబితాలో బొమ్మలాట కూడా ఉంది. కానీ అప్పటికే ఐదేళ్ళు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలన్నది నిబంధన. అంటే అది గుమ్మం తెరిచే డబ్బు కాదు, గుమ్మం దాటి లోపల కూర్చున్నవాళ్ళకిచ్చే డబ్బు. గురుశిష్య పరంపర కింద గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 10,000 దాకా గ్రాంటు ఉంది. ఇది బృందానికి వచ్చేది, ఒంటరి కుర్రాడికి కాదు. అందుకే మొదటి అడుగు దరఖాస్తు కాకూడదు, గురువు కావాలి. అరవై దాటిన కళాకారులకు నెలకు 6,000 సాయం చేసే పథకం కూడా ఉంది. జీవితమంతా రాత్రుళ్ళు మేల్కొన్న మనిషికి చివరన ఆ మొత్తం చూపించి, పిల్లలను ఈ వృత్తిలోకి రమ్మనడానికి నాకు నోరు రాదు.

పొరుగు రాష్ట్రాల అనుభవం ఇంకాస్త ధైర్యమిస్తుంది. కేరళ తోలుబొమ్మలాట తోల్పావకూత్తు భద్రకాళి గుళ్ళ కూత్తుమాడాలనే ఆటశాలలకే పరిమితమైన ఆట. కృష్ణన్‌కుట్టి పులవర్ దాన్ని గుడి బయటికి తెచ్చారు. ఆయన కొడుకు రామచంద్ర పులవర్ గాంధీ కథ లాంటి కొత్త ఆటలు కట్టారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఇంటి ఆడపిల్ల రజిత అదే ఏడు ఆడవాళ్ళ బృందాన్ని నిలబెట్టింది. కర్ణాటకలో మన ఆటగాళ్ళ బంధువర్గమే అయిన శిళ్ళేక్యాతల నుంచి, కొప్పళ ప్రాంతపు భీమవ్వ 96 ఏళ్ళ వయసులో 2025 పద్మశ్రీ పొందారు. మనకు ఇంకా దగ్గర ఒడిశా. ఇచ్ఛాపురం దాటితే అదే. అక్కడ తీగబొమ్మ, చేతిబొమ్మ, కర్రబొమ్మ, నీడబొమ్మ నాలుగూ ఉన్నాయి. రావణఛాయ అనే నీడబొమ్మలాటలో బొమ్మలకు కీళ్ళుండవు, రంగుండదు. చిన్న నల్లని ఆకారం, అంతే. విశ్వనాథ ఖుంటియా రాసిన విచిత్ర రామాయణం పాడుతూ ఆటగాళ్ళు ఆ కదలని బొమ్మతోనే కన్నీళ్ళు తెప్పిస్తారు. మన బొమ్మల రంగులకు అలవాటుపడిన కన్ను ఒకసారి ఆ పేదరికపు అందాన్ని చూసి రావాలి. గొంతు సత్తా ఏమిటో అక్కడ తెలుస్తుంది. కెందుఝర్ కర్రబొమ్మలాట ఆడే మాగుని చరణ్ కుఁఅర్‌కు 2023లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో జనగామ వైపు అమ్మాపురంలో కొయ్యబొమ్మలాట కుటుంబాలున్నాయి. తోలుతో కుదరనివాళ్ళకు అది ఇంకో పాఠశాల.

వంశంతో సంబంధం లేకుండా ఈ వృత్తిలో నిలబడ్డవాళ్ళూ మన దేశంలో ఉన్నారు. దాదీ పుదుంజీ 1986లో ఢిల్లీలో ఇషారా సంస్థ పెట్టారు. తర్వాత ప్రపంచ బొమ్మలాటగాళ్ళ సంఘం యూనిమాకు అధ్యక్షుడయ్యారు. 1929లో ప్రాగ్‌లో పుట్టిన సంఘమది. స్వీడన్‌లో బొమ్మలాట చదివిన అనురూపా రాయ్ 1998లో కట్‌కథ మొదలుపెట్టారు. ఆ సంస్థ కొత్తవాళ్ళకు నెలల తరబడి శిక్షణ ఇస్తోంది. కలకత్తాలో సురేశ్ దత్తా, బెంగళూరులో అనుపమా హొస్కెరె, ఎవరి దారి వారిది. ఫ్రాన్స్‌లోని షార్లెవిల్‌లో 1987 నుంచి బొమ్మలాటకే ఒక ఉన్నత పాఠశాల ఉంది. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుంది. మన దగ్గర దీని కోసమే ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి చెప్పే చదువు చాలా అరుదు. ఈ పేర్లన్నీ చదివి గుండె జారిపోనక్కరలేదు. వీళ్ళందరిలో ఉన్న ఉమ్మడి సంగతి ఒకటుంది. ఎవరూ ఒక్క ప్రదర్శనల మీదే బతకలేదు. ఆడారు, నేర్పారు, బొమ్మలు చేసి ఇచ్చారు, టీవీకి పనిచేశారు, బళ్ళకు వెళ్ళారు. వృత్తి బొమ్మలాటగాడి ఆదాయం ఇలా నాలుగైదు చోట్ల నుంచే వస్తుంది. ఇంట్లోవాళ్ళకు మొదటిరోజే ఈ మాట చెప్పాలి.

వాటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది బడి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటబొమ్మలతో, కథలతో చదువు చెప్పాలన్నారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన జాదూయీ పిటారా పెట్టెలో చేతిబొమ్మలూ ఉన్నాయి. సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ ఉపాధ్యాయులకు చదువులో బొమ్మలాట మీద ఏళ్ళుగా శిక్షణ ఇస్తోంది. మన అంగన్‌వాడీలలో, ప్రాథమిక పాఠశాలల్లో టీచర్లు పాత సాక్సుకు గుండీలు కుట్టి కుక్కపిల్లను చేసి కథ చెప్పడం కొత్తేమీ కాదు. కావలసింది ఆ టీచరు పక్కన కూర్చుని, బొమ్మ పిల్లవాడి కళ్ళలోకి ఎలా చూడాలో, మాట్లాడేటప్పుడే నోరెందుకు కదపాలో, ఊరుకున్నప్పుడు కూడా ఊపిరి తీస్తున్నట్టు ఎలా ఉంచాలో చూపించే మనిషి. మండలానికి అలాంటి ఒక్కరున్నా పని ఉంటుంది. ఇక ప్రభుత్వ ప్రచారం. 1954లో పుట్టిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ కుటుంబ నియంత్రణ నుంచి టీకాల దాకా బొమ్మలాట బృందాలను వాడుకుంది. ఆ పని ఇప్పుడు కేంద్ర సమాచార బ్యూరో చేతిలో ఉంది. డబ్బు వస్తుంది గానీ కథ వాళ్ళది. దాన్నే నమ్ముకుంటే రెండేళ్ళలో గొంతు నినాదంగా మారిపోతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. నిమ్మలకుంటలో పుట్టలేదని కోటబొమ్మాళి పిల్ల చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకు గొంతు ఊరికే దొరికే సంపద. తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం విని పెరిగిన చెవులవి. జాతర రోజుల్లో గుండెకు తప్పెట కట్టి, ఎగిరి తిరుగుతూ, ఊపిరి తప్పకుండా పాట అందుకునే మనిషిని చూసినవాళ్ళకు, తెర వెనక చెక్కలు తొక్కుతూ పద్యం చదవడం అర్థం కాని విద్య కాదు. జముకుల కథలో ఒకరు కథ నడిపితే పక్కవాళ్ళు తానా తందానా అంటూ నిలబెడతారు. బొమ్మలాటలో వంత కూడా అదే పని. తూర్పు భాగవతంలో సత్యభామ వేషానికి కావలసిన గాత్రం సంపాదించినవాడు మండోదరికి గొంతివ్వలేడా? ఇంకాస్త క్రమంగా నేర్చుకోవాలంటే విజయనగరం సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఒక్క మనిషి గజ్జెకట్టి, చిడతలు పట్టి, సభనంతా కథలో కూర్చోబెట్టగలడని చూపించిన ఆయన నేల ఇది. నన్నడిగితే బొమ్మలాట నేర్వబోయే ఉత్తరాంధ్ర పిల్ల ముందు ఒక ఏడాది గాత్రం, మద్దెల పట్టాలి. ఆ తర్వాత రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు రైలెక్కి తోలుపని, ఆడింపు నేర్చుకోవాలి. ఆ ఇళ్ళ చేతిలో ఉన్నది ఈమెకు లేదు. ఈమె గొంతులో ఉన్న బాణీలు వాళ్ళకు కొత్త. ఇద్దరికీ ఇచ్చిపుచ్చుకునేది ఉన్నప్పుడే గురుశిష్య సంబంధం నిలుస్తుంది.

సామానుకూ మన దగ్గర కొరత లేదు. తెరకు పొందూరు నేత బాగుంటుందని నా ఊహ. సన్నని నూలు, సమానమైన అల్లిక, వెలుగు ముద్దకట్టకుండా పరుచుకుంటుంది. కొయ్యబొమ్మల వైపు వెళ్ళేవాళ్ళకు పనస దుంగ నుంచి వీణ తీసే బొబ్బిలి పనివాళ్ళు, అంకుడు కర్రకు లక్క పట్టించే ఏటికొప్పాక పనివాళ్ళు ఎంతో దూరంలో లేరు.

కథలు? రామాయణం ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. విద్య నేర్చేది దాని మీదే. కానీ ఇక్కడి ఆటగాడు ఎప్పటికీ అనంతపురపు ఆటకు నకలు ఆడితే పిలిచేవాళ్ళుండరు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం తోలుబొమ్మలకు ఎంత అమరుతుందో ఆలోచించండి. గిరీశం చుట్ట పొగ తెర మీద నీడలా సాగడం, మధురవాణి నవ్వినప్పుడు ముక్కుపుడక రంధ్రంలోంచి వెలుగు మినుక్కుమనడం, అగ్నిహోత్రావధాన్లు చెయ్యి గాల్లో లేవడం, ఇవన్నీ మోచేతి కీలు ఉన్న బొమ్మ కోసమే రాసినట్టుంటాయి. గురజాడ రచనకు అనుమతుల బాధ కూడా లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో తెరిచిన కథానిలయం ఉంది. తెలుగు కథంతా ఒకచోట చేర్చిన ఆ గదుల్లో బొమ్మలాటకు పనికొచ్చే కథలు వెతుక్కుని, రచయితల అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. తుపాను రాత్రులు, వలస రైళ్ళు, ఉద్దానం కిడ్నీ బాధ, సముద్రంలోకి వెళ్ళి రాని పడవ, నీడలో చెప్పదగ్గ బాధలు మన జిల్లాలో చాలా ఉన్నాయి. ఇంతవరకు వాటికి నీడ కట్టినవాళ్ళు నాకు కనిపించలేదు.

వాటా సంగతి తర్వాత చెబుతానన్నాను. తోలుబొమ్మ మీద పేరు, ఫోటో, విమానం టికెట్టు చదువుకున్న బయటివాళ్ళకూ, చెమట ఆ కుటుంబాలకూ పంచిన చరిత్ర ఈ దేశంలో చాలా కళలకుంది. కొత్తగా వచ్చే పిల్ల దాన్ని మళ్ళీ చెయ్యకూడదు. గురువు ఇంటి బొమ్మ నమూనా వాడితే ఆ పేరు కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పెద్ద వేదిక దొరికితే ఆ ఇంటివాళ్ళను బొమ్మలు మోయడానికి కాకుండా ఆడడానికి తీసుకెళ్ళాలి. బొమ్మలు వాళ్ళ దగ్గరే కొనాలి, ధర తగ్గించమని అడక్కూడదు.

ఇక మొదలుపెట్టడం. రామాయణం తెల్లవార్లూ ఆడేచోట మధ్యమధ్య జనాన్ని మేల్కొలిపేది బంగారక్క, ఆమె మొగుడు జుట్టుపోలిగాడు, ఇద్దరి మధ్యా దూరే కేతిగాడు. వాళ్ళ మాటలు ఏ పుస్తకంలోనూ రాసుండవు. ఆ రాత్రి ఆ ఊరి ముచ్చట్లే వాళ్ళ సంభాషణ. కొత్త ఆటగాడికి ఇంతకన్నా మంచి ప్రవేశం లేదు. పది నిమిషాల ముక్క, రెండు బొమ్మలు, ఒక మద్దెల చాలు. బంగారక్క శ్రీకాకుళం మాట మాట్లాడాలి.

"ఏటయ్యా, సంతకెల్లినోడివి సంచేదీ?"

"సంచి ఇంటికాడే మరిసిపోనానే."

"మరి ఇంతసేపూ సంతలో ఏటి సేసినావు?"

"ఏటి కొనాలో అడగనాకి నీకాడికే వత్తన్నాను."

ఈ నాలుగు మాటలు బొమ్మ భుజం కదలికతో, మద్దెల దెబ్బతో సరిగ్గా కలిసేదాకా సాధన చెయ్యాలి. ముందు అంగన్‌వాడీలో, తర్వాత బడి వార్షికోత్సవంలో, ఆ పైన కొత్తమ్మ తల్లి జాతరకు వచ్చిన జనం ముందు ఆడాలి. మొదటి ఆట నుంచే పారితోషికం అడగాలి, ఎంత చిన్నదైనా సరే. ఊరికే ఆడిన ఆటకు మళ్ళీ పిలుపు వచ్చినా ఊరికే ఆడమనే వస్తుంది. ఆ డబ్బులో మద్దెల వాయించిన మనిషి వాటా అక్కడికక్కడే ఇచ్చెయ్యాలి. గురువు వాటా నెలాఖరున నిమ్మలకుంటకు పంపాలి.